ఎలుకకు చూపు వచ్చింది

జూన్ 2

మ్యూజియంలో ఎట్టకేలకు నాకు ఒక పనంటూ అప్పజెప్పారు. వచ్చే నెల కొత్త ప్రదర్శన. పేరు ‘రాని రేపు’. ఫలానాది వచ్చి తీరుతుందని ఒకప్పుడు ఢంకా బజాయించి చెప్పి, చివరికి రానివన్నీ ఒకే హాల్లో పెడతారట. ఎగిరే కారు, భోజనం బదులు మింగే మాత్ర, సముద్రం అడుగున ఊరు, ఇంటిపని చేసే మరమనిషి. నమూనాలు వడ్రంగి చేస్తాడు. బొమ్మలు పాత పత్రికల్లోంచి తీస్తారు. కింద అతికించే చీటీలు నేను రాయాలి. ఒక్కో చీటీకి నాలుగు వాక్యాలు, అందులో ఒకటి నవ్వించాలి.

"వెక్కిరించకమ్మా. చెప్పినవాళ్లు మనకంటే తెలివైనవాళ్లే. కానీ నవ్వు రావాలి," అన్నారు డైరెక్టర్ గారు. ఆయన నవ్వగా నేనింతవరకూ చూడలేదు.

ఈ పని నాకు నచ్చింది. తప్పు చెప్పిన వాళ్లందరిలోనూ ఒకటే ధీమా. శుభలేఖలో ముహూర్తం వేసినట్టు సంవత్సరంతో సహా వేస్తారు.

జూన్ 4, ఆదివారం

ఆదివారం మా ఇంటి పద్ధతి మామూలే. టీ తాగాక అక్క కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటుంది. కంటి వైద్యం మీద ఆ వారం వచ్చిన వార్త ఏదైనా వెతికి నేను చదువుతాను.

"ఏమే, ఈ వారం ఎలుకకి ఎలా ఉంది?" అంది అక్క. పరిశోధనలన్నీ ముందు ఎలుకల మీదే కదా. అక్క లెక్కలో అవన్నీ ఒకే ఎలుక, మాకు దూరపు చుట్టం.

"భేషుగ్గా ఉంది. కంటి వెనక పొరలో చిన్న చిప్ పెట్టారు. వెలుగొచ్చిన వైపుకి తల తిప్పిందట."

"పాపం, ఇన్నాళ్లూ ఎటు తిప్పిందో."

అమ్మ వంటింట్లోంచే కేకేసింది. "అంటే దీనికి ఎప్పుడొస్తుందే?"

"ఐదేళ్లు అనుకో. అంతకంటే ముందే రావచ్చు."

చివరి పేరా చదవలేదు. ఇలాంటి వార్తల్లో చివరి పేరాలన్నీ ఒకేలా ఉంటాయి. వాటివల్ల ఎవరికీ లాభం లేదు.

అక్కకు చూపు పక్కల నుంచి మూసుకొస్తోంది. గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుందంటుంది. ఆ గొట్టం ఏటికేడాదీ సన్నబడుతోంది. బడిలో రేఖాగణితం చెప్పేటప్పుడు బోర్డు మీద ఉత్త చేత్తో వృత్తం గీస్తుంది, ఇప్పటికీ అది కొలిచినట్టే వస్తుంది. పక్క బెంచీల్లో ఎవరు చెయ్యెత్తారో మాత్రం కనిపించదు. కాస్త చూపు ఉండగానే తెల్లకర్రతో నడక నేర్చుకోమన్నాడు మొన్న డాక్టరు. దాని అవసరం రాదని ఆ గదిలోనే చెప్పేశాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. జవాబు లేనివాళ్లు చేసే పని అది.

జూన్ 8

వడ్రంగి ఎగిరే కారు వేలాడదీశాడు. పడింది.

జూన్ 13

‘కాగితం లేని ఆఫీసు’ చీటీ పూర్తయింది. డైరెక్టర్ గారు చూసి, బాగుంది, మూడు కాపీలు ప్రింటు తీసి ఫైల్లో పెట్టమ్మా అన్నారు. చీటీలో నవ్వు వాక్యం దీనికంటే గొప్పగా లేదు.

మధ్యాహ్నం గోదాములోంచి ఇంకో పెట్టె వచ్చింది. అందులో ఒక పోస్టరు. ఒక మనిషి కళ్లజోడులోంచి రెండు తీగలు చెవుల వెనక్కి పోతున్నాయి, ముఖంలో ఎక్కడలేని సంతోషం. కింద పెద్దక్షరాలు: ‘ఇంకో ఐదేళ్లలో చూపులేనివారు ఉండరు’. వెనక సంవత్సరం ఉంది. అప్పటికి నేనింకా పుట్టలేదు.

"ఇది మన ప్రదర్శనకి రాదండీ," అన్నాను.

"ఎందుకు రాదూ?"

"ఇది తప్పిపోలేదండీ. ఆలస్యం అయిందంతే. ఇప్పుడు నిజంగానే జరుగుతోంది."

"ఎగిరే కారు చేసేవాళ్లని అడుగమ్మా, వాళ్లూ ఇదే మాటంటారు," అని పోస్టరు నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు. "గుమ్మం ఎదురుగా పెడదాం. అందరికీ అర్థమయ్యే ఆశ."

వడ్రంగి ఇదంతా వింటూ కారుకి కొత్త తీగ చుడుతున్నాడు. "అమ్మాయిగారూ, ఆలస్యం అయినవాటికి పక్కన ఇంకో గది కట్టమంటారా? కడతాగానీ ఈ హాలుకంటే పెద్దది కావాలి."

పోస్టరు చుట్టి బీరువా వెనక పెట్టాను. తేమ తగలకుండా ఉంటుందని.

జూన్ 15

సాయంత్రం అమ్మ నా పక్కన చేరి టమాటాలు తరుగుతూ గొంతు తగ్గించింది.

"ఆ నడక నేర్పే కేంద్రం వాళ్లు మళ్లీ ఫోన్ చేశారే. కొత్త బ్యాచ్ మొదలవుతోందట. బడిలో హెడ్మిస్ట్రెస్ కూడా అక్కని పిలిచి చెప్పిందట, మెట్లూ వరండాలూ ఒంటరిగా తిరగగలనని టర్మ్ అయ్యేలోగా చూపించాలని. లేకపోతే తరగతి తీసేసి ఆఫీసులో కూర్చోబెడతారట. ఏం చేద్దామంటావ్? పంపుదామా?"

"ఇప్పుడు కర్ర చేతికిస్తే అక్క మనసు విరిగిపోతుందమ్మా. అది ఒప్పుకున్నట్టే కదా. కాస్త ఆగుదాం."

"ఏమో తల్లీ. చదువుకున్నదానివి, నీకే తెలుసు."

లోపలి గదిలోంచి అక్క గొంతు. "ఎలుకని కూడా ఒక మాట అడగండి. దానికీ ఓటుంది."

గొంతు తగ్గించి మాట్లాడటం ఈ ఇంట్లో ఎవరికీ చేతకాదు.

అక్కను ఆఫీసు కుర్చీలో ఊహించుకోవడానికి ప్రయత్నించాను. కుదరలేదు. సుద్దముక్క లేకపోతే ఆవిడకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. కానీ టర్మ్ అవ్వడానికి చాలా టైముంది. ఈలోగా ఏదైనా రావచ్చు. ఈ రంగంలో రాత్రికి రాత్రే వస్తాయి.

జూన్ 23

అక్క మళ్లీ ఆలస్యంగా వచ్చింది. మంగళవారం కూడా ఇంతే. స్టాఫ్ మీటింగ్ అంది. మీటింగుల్లో చెప్పులకి ఇంత దుమ్ము అంటదు. పైగా కూనిరాగం తీస్తోంది.

టీ ఇస్తుంటే చూశాను, కుడి చూపుడువేలు మొదట్లో చర్మం ఎర్రగా కందింది. సుద్ద పట్టుకుంటే అక్కడ కందదు. కుట్టుమిషన్ ఇంట్లో లేదు.

తర్వాత వరండాలో ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను. చాటుగా వినలేదు, బట్టలు తియ్యడానికి వెళ్లాను. "వచ్చే మంగళవారం మీరు పక్కన నడవొద్దు మాస్టారూ. అవతలి వైపు నిలబడండి చాలు. నేనే వస్తా," అంటోంది.

అదన్నమాట సంగతి. ఎవరో మాస్టారు. అక్క వయసుకి తప్పేం కాదు. చూపు సంగతి ఆయనకి చెప్పిందో లేదో.

జూన్ 25, ఆదివారం

ఈ వారం వార్త ఒక్కటీ దొరకలేదు. పొద్దుటే లేచి వెతికాను. ఉన్నదల్లా కంటి చిప్‌లు చేసే ఒక సంస్థ మూతపడిన వార్త, అది చదివేదేం కాదు.

"ఎలుకకి ఎలా ఉందే?"

"నడిచింది. దానంతట అదే గుమ్మం దాటిందట."

"గుమ్మమే! తలుపు తీసుందా, వేసుందా?"

"తీసే ఉంది."

"అయితే మంచిదే," అని టీ తాగింది. కాసేపటికి, "ఒక్కతే దాటిందా? పక్కన ఎవరూ లేరూ?" అని అడిగింది.

"లేరు."

"గట్టిదే."

దీన్ని అబద్ధం అనలేం. ముందుగా చెప్పిన నిజం. గుమ్మం దాటే రోజు వస్తుంది కదా, అది ఈ ఆదివారం కాకపోతే ఇంకో ఆదివారం.

జూన్ 28

‘భోజన మాత్ర’ చీటీ మూడోసారి వెనక్కొచ్చింది. నవ్వు రావడం లేదట.

పోస్టరు ఏదమ్మా అని డైరెక్టర్ గారు అడిగారు. వెతుకుతున్నానని చెప్పాను.

జూలై 1

మరమనిషికి రంగు వెయ్యడం మిగిలిపోయిందని నిన్న దాన్ని ఇంటికి తెచ్చాను. అట్ట, రేకు, నా నడుం దాకా ఎత్తు, ఒక చేతిలో చీపురు. నడవాలో నిలబెట్టాను. మా ఇంట్లో కుర్చీ కూడా ఉన్నచోటు నుంచి జరపకూడదు, అది రాయని చట్టం. ఒక్క రాత్రికే కదా అనుకున్నాను.

పొద్దున అక్క దానికి తగిలి పడింది. మరమనిషి మీద అక్క, అక్క మీద చీపురు. ఎడమ మణికట్టు బెణికి అప్పటికప్పుడు వాచింది.

అమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. "కళ్లు కనపడేదానివి నువ్వే కదే!" అన్నది మాత్రం రాస్తున్నాను.

అక్క నేలమీదే కూర్చుని ఒక చేత్తో దాని తల సరిచేస్తోంది. "ఇంటిపని చేస్తుందన్నారు. మనుషుల్ని ఊడ్చేస్తుందని ఎవరూ చెప్పలేదే."

నాకు నవ్వు రాలేదు. చేతికి కట్టు కడుతుంటే అంది, "ఎడమదే కదా. కుడిది బాగుంది, అదే కావాలి."

సుద్ద కోసం అనుకున్నాను.

జూలై 7

ఇవాళ పని మధ్యలో లేచి వెళ్లిపోయాను. పంటినొప్పి అని చెప్పాను. అక్కని వెంబడించడానికి.

తప్పే. కానీ మణికట్టు వాచిన మనిషి శుక్రవారం సాయంత్రం మళ్లీ మీటింగ్ అంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. మాస్టారిని ఒకసారి కళ్లారా చూడాలనిపించింది. బడి గేటు దగ్గర నుంచి ఆమె వెనకే, అదే బస్సు, చివరి సీటు. పక్కకి కనపడదు కాబట్టి దాక్కోవలసిన అవసరం కూడా లేకపోయింది. ఈ వాక్యం రాశాక చదువుకుంటే ఏదోలా ఉంది.

పోస్టాఫీసు వెనక పెద్ద రోడ్డు దగ్గర దిగింది. అవతలి గట్టు మీద ఒకాయన నిలబడి ఉన్నాడు, నెరిసిన మీసం, చేతులు వెనక్కి కట్టుకుని. మాస్టారు మా నాన్న వయసు ఉంటాడు. అక్కని చూసి చెయ్యి కూడా ఊపలేదు.

అక్క సంచిలోంచి ఏదో తీసింది. మడతలు విప్పితే ఒక్కొక్క ముక్కా టక్ టక్‌మని అమిరి, పొడుగ్గా తెల్లటి కర్ర అయింది. చూపుడువేలు చాచి పిడి మీద ఆనించి పట్టుకుంది. వేలు కందిన చోటు అదే.

రోడ్డు అంచున చాలాసేపు నిలబడింది. తల వంచి వింటోంది. ఒక లారీ పోయింది, రెండు స్కూటర్లు. తర్వాత దిగింది. కర్ర అటూ ఇటూ, అటూ ఇటూ, కాలికంటే ఒక అడుగు ముందు. మధ్యలో ఎవరో తోపుడుబండి వదిలేసి పోయారు. కేకెయ్యబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. కర్ర చక్రాన్ని తాకింది. అక్క ఆగి, బండి అంచు ఎక్కడిదాకా ఉందో తట్టి చూసుకుని, చుట్టూ తిరిగి వెళ్లింది. ఆ తిరగడం, బోర్డు మీద వృత్తం గీసినంత గుండ్రంగా.

అవతలికి చేరాక ఆ నడక నేర్పే మాస్టారు ఏదో అన్నాడు. అక్క పకపకా నవ్వింది. పడిపోయినప్పుడు నవ్వే నవ్వు కాదు. అది వేరు.

నేను టైర్ల కొట్టు పక్కన నిలబడిపోయాను. "ఏం కావాలమ్మా?" అని కొట్టతను అడిగితే టైరు ధర అడిగాను.

జూలై 8

అక్క సంచి కొక్కేనికి వేలాడుతోంది. తెరిచి చూడలేదు.

జూలై 9, ఆదివారం

"ఎలుకకి ఎలా ఉందే?"

ఈ వారం వార్త ఉంది. మొదటి నుంచి చదివాను. చివరి పేరా కూడా చదివాను: ఫలితాలు ఎలుకలకే పరిమితమని, మనుషుల్లో ఎప్పటికి పనికొస్తుందో, అసలు పనికొస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమని.

అక్క కప్పు కింద పెట్టింది. "ఏమిటివాళ, చివరిదాకా వచ్చావ్?"

"ఎప్పుడూ రాలేదని తెలుసా?"

"నా ఫోన్ చదువుతుంది కదే అన్నీ. నువ్వు లేవకముందే ఆదివారం వార్త మొత్తం వినేస్తాను. దానికి మొహమాటం లేదు, చివరి పేరా కూడా అదే గొంతుతో చదివేస్తుంది."

నిజమే. ఫోన్ మాట్లాడుతుంది. కొన్నేళ్లుగా మా ఇంట్లోనే, నా ముక్కు కిందే, అక్క దిండు పక్కన ఉండి పేపరు, బస్సు నంబరు, పిల్లల హోంవర్కు అన్నీ చదివి పెడుతోంది. అది వస్తుందని నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. వచ్చిందని కూడా గమనించలేదు.

"మరి నన్నెందుకు చదవనిచ్చావ్?"

"నువ్వు చదివితే బాగుంటుంది. నీ ఎలుకకి హుషారెక్కువ." కప్పు మళ్లీ చేతిలోకి తీసుకుంది. "అవునే, గుమ్మం దాటిన ఎలుక ఏ పత్రికలోదే? ఎంత వెతికినా ఫోన్‌కి దొరకలేదు."

నేను తల దించుకున్నాను. ఆమెకి అది కనిపిస్తుందో లేదో తెలియదు.

"శుక్రవారం పోస్టాఫీసు వెనక నిన్ను చూశాను," అన్నాను.

"టైర్ల కొట్టు దగ్గరా? మాస్టారు చెప్పారు, ఎవరో అమ్మాయి టైరు పట్టుకుని ఏడుస్తోందని. మా చెల్లెలే అయ్యుంటుందన్నాను."

"నేను ఏడవలేదు."

"సరే, టైరే ఏడ్చింది."

"నాకెందుకు చెప్పలేదే అక్కా? నేను ఒద్దన్నాననా?"

అక్క కట్టు ఉన్న చేతిని ఒళ్లో సర్దుకుంది. "నువ్వు ఐదేళ్లు అన్నప్పుడల్లా అమ్మ ముఖం ఎలా ఉండేదో నేను చూశాను. ముఖం చూడ్డానికి గొట్టం చాలుతుంది. నీ ముఖం కూడా చూశాను. నీ ముందు కర్ర విప్పితే, ఎలుక చచ్చినట్టు కూర్చుంటావు. ముందు రోడ్డు దాటడం వచ్చేస్తే, ఆ తర్వాత నీ సంగతి చూద్దామనుకున్నా."

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ అడిగింది.

"ఆ కర్ర ఒకసారి చూపించవే."

జూలై 12

బీరువా వెనక నుంచి పోస్టరు తీశాను. మూల కొంచెం నలిగింది, తేమేం తగల్లేదు. డైరెక్టర్ గారు ఎక్కడ దొరికిందని అడగలేదు. ఆయనకి మొదటి నుంచీ తెలుసేమో.

చీటీ రాయడానికి రోజంతా పట్టింది. నాలుగు వాక్యాలు:

ఇంకో ఐదేళ్లలో చూపులేనివారు ఉండరని ఈ పోస్టరు చెప్పింది. ఆ ఐదేళ్లు గడిచాయి, వాటి తర్వాత ఇంకెన్నో ఐదేళ్లు గడిచాయి. ఎలుకకు చూపు వచ్చింది. మనిషికి ఎప్పుడొస్తుందో ఈ చీటీ రాసినవారికి తెలియదు.

డైరెక్టర్ గారు మూడో వాక్యం దగ్గర నవ్వారు. నిజంగా, పళ్లు కనపడేలా. నాలుగోది చదివి కాగితం నెమ్మదిగా కింద పెట్టారు. "అలాగే ఉంచు," అన్నారు.

జూలై 20

ప్రదర్శన మొదలైంది. అక్క, అమ్మ వచ్చారు. అక్క గేటు దగ్గరే కర్ర విప్పింది. నేను చెయ్యి అందించబోయి వెనక్కి తీసుకున్నాను. కర్రకి కింద ఉన్నవే తెలుస్తాయి, పైన వేలాడేవి తెలియవు. ఎగిరే కారు సరిగ్గా అక్క నుదుటికి తగిలింది.

వడ్రంగి నిచ్చెనతో పరిగెత్తుకొచ్చాడు. "ఇంకాస్త పైకెగరేస్తానమ్మా, క్షమించండి!"

"ఎగరనివ్వండి. ఇన్నేళ్లకి ఎవరికో ఒకరికి తగిలింది, అదే చాలు," అంది అక్క నుదురు రుద్దుకుంటూ.

మరమనిషి దగ్గర ఆగి దానికి తన కట్టు చూపించింది. పోస్టరు దగ్గరికి వచ్చాక చీటీ చదవమంది. చదివాను, నాలుగూ. నాలుగో వాక్యం దగ్గర నా గొంతు మారిందో లేదో నాకు తెలియదు. అక్కకి తెలిసే ఉంటుంది. కర్ర ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడి చేత్తో నా జడ ఒకసారి లాగి వదిలింది.

జూలై 26

రేపు అక్క బడిలో హెడ్మిస్ట్రెస్ ముందు నడవాలి. మెట్లు, వరండాలు, గంట కొట్టాక పిల్లలంతా ఒక్కసారిగా బయటపడే గుంపు. అది తేలేదాకా రేపు తరగతి లేదట. దాటితే తరగతి, లేకపోతే ఆఫీసు కుర్చీ.

జూలై 27

సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. వస్తానంటే అక్క ఒద్దంది. "నువ్వు అవతలి వైపు నిలబడితే చాలు," అంది. అవతలి వైపు అంటే ఇల్లు.

అమ్మ పొద్దున్నుంచి కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతోంది. మధ్యాహ్నం దాటింది. ఫోన్ లేదు.

"ఏమంటారంటావే?" అంది అమ్మ. "తరగతి ఇస్తారంటావా?"

ఇస్తారమ్మా, ఇవ్వకుండా ఎలా ఉంటారు, అన్న మాట నాలిక మీదికి వచ్చేసింది. కారణాలు కూడా సిద్ధంగా ఉన్నాయి.

"తెలీదమ్మా," అన్నాను.

అమ్మ నావైపు తిరిగి చూసింది, నేను ఆ మాట అనగా ఎప్పుడూ వినలేదు కదా. చేతిలో గిన్నె పక్కన పెట్టి వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది. ఇద్దరం వీధివైపు చూస్తూ కూర్చున్నాం.

బడి వదిలే వేళ కూడా దాటాక, మలుపు దగ్గర చప్పుడు వినిపించింది. టక్, టక్. నేను లేవలేదు. అక్క గేటు తనే తీసుకుంది, గొళ్లెం తనే వేసుకుంది, మొదటి మెట్టుని కర్రతో తట్టి మా ఇద్దరి ముందూ ఆగింది.

"ఎవరది, దారికి అడ్డంగా?"

ముఖం చూస్తే ఏమైందో తెలియలేదు. అప్పుడు కర్ర చూశాను. పిడి మీద సుద్ద, నిండా, ఆమె వేళ్లు ఎక్కడెక్కడ పట్టుకున్నాయో అచ్చు గుద్దినట్టు.

అమ్మ ఇంకా అడుగుతూనే ఉంది, ఏమన్నారే, ఏమన్నారే అని. నేను పక్కకి జరిగి దారి ఇచ్చాను.